అమరావతి వెళ్ళండి, నరుకుళ్ళపాడు కూడా వెళ్ళండి



చాలా రోజుల నుంచి ఒక విషయం రాయాలని ఉంది. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. నేను చెప్పేది ఒక్క ముక్కలో ఇది. కృష్ణ ఒడ్డున అమరావతి మంచి ఊరు, మనసున్న మనుషుల ఊరు. మన పిల్లలందరూ ఒక్కసారైనా పడవెక్కి ఆ ఊరు వెళ్ళాలి. కానీ అక్కడ మన గురించి చెప్పే కథలో మనవాళ్ళకి ఒక్క పేరు కూడా లేదు. ఆ మాట ఆ ఊరి వాళ్ళని మర్యాదగా, గట్టిగా అడగాల్సిన బాధ్యత మనదే. ఇన్నేళ్ళూ అది చెయ్యకుండా వచ్చాం.

నేను రాజధాని గురించి మాట్లాడటం లేదు. 2015లో శంకుస్థాపన జరిగిన కొత్త అమరావతికి ఎవరి పేరు పెట్టారో, ఆ పాత ఊరి గురించి చెప్తున్నా. అమరేశ్వరుడి గుడి, స్తూపం, ధ్యానబుద్ధుడు ఉన్న ఊరు. సత్యం శంకరమంచి గారు నూరు కథలు రాసింది ఈ ఊరి మీదే. శ్యాం బెనెగల్ టీవీ సీరియల్ తీసింది కూడా ఆ కథలనే.

కార్తీకం అయిపోయాక వచ్చిన ఆదివారం మేం నలుగురం మైలవరంలో పొద్దున్నే బస్సెక్కాం. నేను ఎరుకల. ఒక తమ్ముడు యానాది. మిగతా ఇద్దరూ సుగాలీ అన్నాచెల్లెళ్ళు. మైలవరం నుంచి విజయవాడ పోయే బస్సు ఎక్కితే జి.కొండూరు, కొండపల్లి దాటాక ఇబ్రహీంపట్నం రింగ్ వస్తుంది. అక్కడ దిగి కంచికచర్ల వైపు వెళ్ళే బస్సు పట్టుకోవాలి. దిగిన చోటికి దగ్గర్లోనే ఫెర్రీ. గోదావరి నీళ్ళు పట్టిసీమ నుంచి పోలవరం కుడికాలువలో వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే. పవిత్ర సంగమం అని పేరు పెట్టారు.

ఆ పేరు వింటే నాకు 2017 నవంబర్ 12 గుర్తొస్తుంది. కార్తీక మాసంలో హారతి చూడటానికి భవానీ ద్వీపం నుంచి బయల్దేరిన పడవ ఈ సంగమం దగ్గరే తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ, లెక్కకి మించిన జనం. రెండేళ్ళు తిరక్కుండానే 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. అక్కడ ఎదురెళ్ళి చాలామందిని ఒడ్డుకి చేర్చింది కచ్చులూరు గిరిజనులే. పడవ ఎక్కండి అని రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. సిగ్గుపడకుండా అడగండి. జనం ఎక్కువైతే దిగిపోయి ఇంకో పడవకి ఆగండి. ఏరు ఎక్కడికీ పోదు.

కంచికచర్లలో దిగి ఆటోలో ఏటి గట్టుకి వెళ్ళాం. దారి పొడుగునా పత్తి, మిరప. గట్టు దగ్గర పడతాయేమో అనిపించేంత ఇసుక లారీలు. రేవులో ఇంజను పడవ ఉంది. అప్పటికే రెండు మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, గుడికి పోయే ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కి కూర్చున్నారు. పడవాయన మమ్మల్ని చూసి, "ఏరా అబ్బాయిలూ, కాలేజీయా? రండి, అమ్మాయిని మధ్యలో కూర్చోబెట్టండి" అన్నాడు. "జాకెట్లు ఉన్నాయా బాబాయ్?" అని అడిగితే నవ్వి, చెక్క కింద నుంచి నాలుగు తీసి ఇచ్చాడు. "అడిగినోళ్ళకి ఇస్తాం, అడగనోళ్ళకి గుర్తు చెయ్యం, అదే మా తప్పు" అన్నాడు. ఆ మాట నాకు ఆ రోజంతా పని చేసింది. ఎందుకో తర్వాత చెప్తా.

ప్రకాశం బ్యారేజీ 1957లో కట్టినప్పటి నుంచి ఎగువన నీళ్ళు నిలబడే ఉంటాయి. అందుకని ఇక్కడ ఏరు పెద్ద చెరువులా కనపడుతుంది. కానీ అడుగున ఇసుక తవ్విన గుంటలు చాలా ఉన్నాయని పడవాయన చెప్పాడు. మా యానాది తమ్ముడు పడవ అంచు మీద చెయ్యి వేసి నీళ్ళు చూస్తూ ఎక్కడ చేప ఉంటుందో, ఎక్కడ వల వెయ్యకూడదో చెప్తుంటే పడవాయన ఇంజను చప్పుడు తగ్గించి మరీ విన్నాడు. "మీ నాన్న ఎక్కడ వేస్తాడ్రా వల?" అని అడిగాడు. కాలేజీలో మూడేళ్ళల్లో ఎవరూ వాడిని ఆ ప్రశ్న అడగలేదు. వాడి మొహం ఎంత వెలిగిందో చెప్పలేను.

రోడ్డు మీద కూడా వెళ్ళొచ్చు కదా, పడవ ఎందుకు అంటారేమో. బస్సులో వెళ్తే ఊళ్ళోకి వెనక నుంచి వెళ్ళినట్టు ఉంటుంది. పడవలో వెళ్తే ముందు గుడి గోపురం, తర్వాత మెట్లు, మెట్ల మీద మనుషులు. మనం ఎవరో చూడటానికి వాళ్ళకీ, వాళ్ళు ఎవరో చూడటానికి మనకీ పది నిమిషాలు టైం దొరుకుతుంది. దిగే సరికే సగం పరిచయం అయిపోతుంది.

నిజంగానే అయిపోయింది. మెట్ల మీద బట్టలు ఉతుక్కుంటున్న ఆవిడ "ఏ ఊరు నాయనా?" అంది. మైలవరం అంటే, "మా ఆడబిడ్డని ఇచ్చింది అటే" అని మొదలుపెట్టి స్తూపానికి దారి, భోజనానికి మెస్సు, తిరిగి వెళ్ళే పడవ టైము అన్నీ చెప్పింది. పూలు అమ్మే ఆవిడ మా చెల్లికి డబ్బులు తీసుకోకుండా రెండు మూరల కనకాంబరాలు ఇచ్చింది. చిన్న ఊళ్ళకి మనుషుల మీద ఒక ఆశ ఉంటుంది. పట్నాలకి అది పోయింది.

మెస్సు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. ఒక పెద్ద మామ్మ, ఆమె కోడలు నడుపుతారు. అరిటాకులో పప్పు, దోసకాయ పచ్చడి, వంకాయ కూర, చారు. రెండోసారి అన్నం వడ్డిస్తూ మామ్మ అడిగింది, "మీరేవిట్లు నాయనా?" అని. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ ప్రశ్నకి అర్థం ఏంటో మీకు చెప్పక్కర్లేదు. నా చెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఇలాంటి చోట్ల నేను ఇంతకుముందు రెండు మూడు రకాల అబద్ధాలు చెప్పాను. ఆ రోజు ఎందుకో చెప్పాలనిపించలేదు. "ఎరుకలోళ్ళం మామ్మా" అన్నాను. మామ్మ ఒక్క క్షణం నా వంక చూసింది. "మా పెళ్ళికి బుట్టలు, చేటలు అన్నీ మీ వాళ్ళే అల్లి ఇచ్చారు. ఇప్పటికీ ఒకటి అటక మీద ఉంది" అని, ఆకులో ఇంకో గరిటె నెయ్యి వేసింది. అంతే. నాకు చారు గొంతు దిగడానికి కొంచెం టైం పట్టింది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ పోస్టు ఆ ఊరి మీద ఫిర్యాదు అని ఎవరూ అనుకోకూడదు.

తిన్నాక స్తూపం దగ్గరికి వెళ్ళాం. పక్కనే ఆర్కియాలజీ వాళ్ళ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, గుర్తు పెట్టుకోండి. స్తూపం అంటే ఇప్పుడు ఇటుకల దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. మిగిలిన చెక్కడాలు ఎటు పోయాయంటే, కొన్ని మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూసేసరికే ఊరి కట్టడాల కోసం ఆ రాళ్ళు తవ్వుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, అక్కడి నుంచి చాలా వరకు ఓడ ఎక్కాయి.

కానీ నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఈ స్తూపానికి రాళ్ళు ఇచ్చిన వాళ్ళ పేర్లు ఆ రాళ్ళ మీదే చెక్కారు. రాజులే కాదు, వ్యాపారులు, ఇల్లాళ్ళు, భిక్షుణులు ఉన్నారు. అందులో ఒకడు విధికుడు. తోలు పని చేసేవాడు. పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చాడు. తండ్రి నాగుడి పేరుతో సహా రాయి మీద ఉంది. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున ఒక తోలు పనివాడి ఇంటి పేర్లు రాయి మీద ఎక్కాయి, ఇంకా చదవగలుగుతున్నాం. ఇది మనసులో పెట్టుకోండి.

సాయంత్రం పడవకి ఇంకా టైం ఉందని గుడి మెట్ల మీద కూర్చున్నాం. అక్కడ ఒక పెద్దాయన మాతో మాట కలిపాడు. ఊరి చరిత్ర ఆయనకి నాలిక మీద ఉంది. అమరారామం పంచారామాల్లో ఒకటని, 2006లో దలైలామా వచ్చి కాలచక్ర జరిపినప్పుడు ఊరు పట్టనంత జనం వచ్చారని చెప్పాడు. తర్వాత రాజుగారి కథ చెప్పాడు.

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియని వాళ్ళ కోసం. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1783 నుంచి 1816 దాకా ఈ ప్రాంతానికి జమీందారు. చింతపల్లి నుంచి రాజధానిని మార్చి ఈ అమరావతి ఊరిని కట్టించింది ఆయనే. ఆయన కాలంలో చెంచులు ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారని, వాళ్ళని అణచడానికి విందుకి రమ్మని కబురు పెట్టాడని, వచ్చిన మగవాళ్ళని వరసగా నిలబెట్టి తలలు నరికించాడని చెప్తారు. ఆ చోటుకే నరుకుళ్ళపాడు అని పేరొచ్చింది. ఇప్పటికీ అమరావతి మండలంలో ఉన్న ఊరే. ఆ తర్వాత రాజుగారికి మనశ్శాంతి పోయింది. కంచంలో అన్నం పురుగులుగా కనపడేదంట. పాప పరిహారం కోసం అమరేశ్వరుడి సన్నిధికి వచ్చి, గుడి బాగు చేయించి, మిగతా జీవితం దేవుడి సేవలో గడిపాడు.

పెద్దాయన ఈ కథ కోపంగా చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. జాలిగా చెప్పాడు. "పాపం, రాజుగారికి ముద్ద దిగలేదంట మనవడా" అన్నాడు.

మేం నలుగురం మాట్లాడలేదు. కాసేపటికి మా సుగాలీ చెల్లి అంది, "రాజుగారికి ముద్ద దిగలేదు, బాగుంది తాతా. ఆ రోజు సాయంత్రం చెంచుల గుడిసెల్లో ఏం వండి పెట్టుకుని ఎదురు చూశారో?"

ఆయన చెల్లి వంక చూశాడు. మళ్ళీ అడిగింది. "వాళ్ళల్లో ఒక్కరి పేరైనా తెలుసా తాతా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. "లేదమ్మా. ఇన్నేళ్ళల్లో ఎవరూ అడగలేదు" అన్నాడు. తర్వాత లేచి, నరుకుళ్ళపాడుకి ఆటో ఎక్కడ దొరుకుతుందో రోడ్డు దాకా వచ్చి చూపించాడు.

మిత్రులారా, నా వాదన అంతా ఆ ఒక్క మాట చుట్టూనే. ఎవరూ అడగలేదు.

ఆ కథని ఒకసారి జాగ్రత్తగా చూడండి. చనిపోయిన వాళ్ళు ఎంతమంది? కొందరు నూటయాభై అంటారు, కొందరు ఆరొందలు అంటారు. నూటయాభైకీ ఆరొందలకీ మధ్య నాలుగొందల యాభై మంది మనుషులు ఉన్నారు. వాళ్ళు ఉన్నారో లేరో కూడా ఎవరికీ పట్టలేదు. అదే కథలో రాజుగారు గుడికి తొమ్మిది మంది అర్చకులని పెట్టాడని, ఒక్కొక్కరికి పన్నెండు ఎకరాలు ఇచ్చాడని చెప్తారు. అర్చకుల లెక్క ఉంది, ఎకరాల లెక్క ఉంది. తలల లెక్క లేదు.

ఇంకోటి. కథలో చెంచులు రెండే పనులు చేస్తారు. దోచుకోవడం, చనిపోవడం. ఎందుకు దోచుకున్నారు, వాళ్ళ అడవి దారులు ఎవరివయ్యాయి, విందుకి పిలిస్తే నమ్మి ఎందుకు వచ్చారు అని కథ అడగదు. నాకైతే ఆ చివరి ప్రశ్నే నిద్ర పట్టనివ్వదు. దొంగబుద్ధి ఉన్నవాడు అనుమానపడతాడు. వీళ్ళు అన్నానికి పిలిస్తే వచ్చారు. అన్నానికి పిలిచినవాడు చంపడని నమ్మే మనుషులు వాళ్ళు. కథ చెప్పేవాళ్ళకి తెలియకుండానే కథలో మిగిలిపోయిన చెంచుల గుణం అదొక్కటే.

"దోపిడీలు చేసేవాళ్ళే కదా" అని అనేవాళ్ళు మనలో కూడా ఉన్నారు. వాళ్ళకి నా సంగతి చెప్తాను. ఎనిమిదో తరగతిలో హాస్టల్లో ఒక అబ్బాయి వాచీ పోయింది. యాభై పెట్టెలు ఉన్నాయి ఆ గదిలో. మొదట తెరిపించింది నా పెట్టె. వాచీ బాత్రూం గూట్లో దొరికింది. నాకు ఎవరూ సారీ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ నన్ను దొంగ అని అనలేదు కదా, ఊరికే ముందు చూశారంతే. ఆ "ఊరికే ముందు చూడటం" వెనక ఎంత పెద్ద చరిత్ర ఉందో ఇంటర్‌లో గానీ నాకు తెలియలేదు.

1871లో ఇంగ్లీషు వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఒక మనిషి చేసిన నేరం కాదు, ఒక తెగలో పుట్టడమే నేరం. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు మొదలైంది. సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి మా ఎరుకలోళ్ళని అందులో ఉంచారు. హాజరు వెయ్యాలి, బయటికి పోవాలంటే చీటీ కావాలి. విజయవాడకి ఎదురుగా ఏటి అవతల సీతానగరంలో కూడా అలాంటి సెటిల్మెంటే ఉండేది. దేశానికి స్వతంత్రం 1947లో వస్తే, దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. చట్టం పోయింది గానీ పెట్టె తెరిపించడం పోలేదు.

అందుకే చెంచుల కథ నా కథ కూడా. నరుకుళ్ళపాడులో ఏం జరిగిందో చెప్పేటప్పుడు "దోచుకునే చెంచులు" అని మొదలుపెడితే, వినేవాడు మిగతా కథ వినకముందే సగం ఒప్పేసుకుంటాడు. ఒక జాతి మొత్తాన్ని ఒక్క మాటలో కట్టేస్తే తర్వాత ఏం చేసినా తప్పనిపించదు. అప్పుడు తలలు పోయాయి, తర్వాత సెటిల్మెంట్లు వచ్చాయి, ఇప్పుడు పెట్టెలు తెరుచుకుంటున్నాయి. దెబ్బ చిన్నదైంది నిజమే. మాట మాత్రం అదే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇది ఏ కులం మీదా కోపం నూరడానికి కాదు. రెండొందల ఏళ్ళ కిందటి జమీందారు చేసిన దానికి ఈ రోజు ఆయన ఇంటిపేరు ఉన్న పిల్లాడు బాధ్యుడు కాడు. అలా అంటే మనం కూడా పుట్టుకని బట్టి నేరం అంటగట్టినట్టే. ఆ పని మన మీద చేశారు, మనం ఇంకొకరి మీద చెయ్యకూడదు.

ఆ సాయంత్రం పడవ వదిలేసి నరుకుళ్ళపాడు వెళ్ళాం. మామూలు ఊరు. పత్తి తీస్తున్నారు. రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు మంచినీళ్ళు ఇచ్చారు. ఊరి పేరు ఎలా వచ్చింది అంటే అందరికీ తెలుసు, ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు. "ఎక్కడ జరిగిందంటారు?" అంటే నలుగురు నాలుగు వైపులు చూపించారు. మేం అడిగినంతలో ఒక రాయి గానీ, బోర్డు గానీ ఎవరూ చూపించలేదు. ఊరి పేరే ఉంది. చెంచులకి దక్కిన శిలాఫలకం అదొక్కటే. అందుకే నా మొదటి మాట, ఆ పేరు వినడానికి బాగాలేదని ఎప్పుడైనా ఎవరైనా మారుద్దాం అంటే మనం ఒప్పుకోకూడదు. ఆ పేరు పోతే ఆ మనుషులు రెండోసారి పోతారు.

"పాత గాయాలు కెలకడం దేనికి, ఇప్పుడు అందరూ బాగానే ఉన్నారు కదా" అని మా ఇంట్లోనే అన్నారు. దానికి నా జవాబు ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న అక్కడ గోండుల మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వం చెప్పిన లెక్క 13. జనం చెప్పేది దానికి ఎన్నో రెట్లు. అక్కడ స్తూపం కట్టుకున్నారు, కూల్చేస్తే మళ్ళీ కట్టుకున్నారు. ఏళ్ళ తరబడి ఆ రోజున అక్కడికి పోనివ్వకపోయినా పోవాలని అడుగుతూనే ఉన్నారు. ఆ స్తూపం వల్ల ఆదిలాబాద్‌లో గొడవలు పెరగలేదు. అక్కడి పిల్లలకి తమ తాతలు ఎందుకు పోయారో చెప్పడానికి ఒక చోటు దొరికింది. గాయం కెలకడం వేరు, గాయం ఉందని ఒప్పుకోవడం వేరు.

"ఊరి వాళ్ళు ఇంత ప్రేమగా చూస్తే వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఏంటి" అని ఇంకో మిత్రుడు అన్నాడు. నాకు దీనికి పూర్తిగా ఎదురు అనిపిస్తుంది. ప్రేమ లేని ఊరిని అడిగి ఏం లాభం? నెయ్యి వేసిన మామ్మని అడగొచ్చు. రోడ్డు దాకా వచ్చి ఆటో చూపించిన తాతని అడగొచ్చు. అడిగితే జాకెట్ ఇచ్చిన పడవాయనని అడగొచ్చు. అడిగినోళ్ళకి ఇస్తాం, అడగనోళ్ళకి గుర్తు చెయ్యం అన్నాడు ఆయన. ఆ ఊరి మనసు మొత్తం ఆ మాటలో ఉంది. వాళ్ళ మంచితనం చూసి మనం నోరు మూసుకుంటే, వాళ్ళని మనవాళ్ళు అనుకోనట్టే. మనవాళ్ళ దగ్గరే కదా మనం ఏదైనా అడిగేది.

అందుకని నేను ప్రతిపాదిస్తున్నవి మూడు.

మొదటిది, చెంచుల మాట ముందు వినాలి. నేను ఎరుకల, వాళ్ళ తరఫున నేను మాట్లాడటం సరి కాదు. నల్లమల నుంచి చదువుకుంటున్న చెంచు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మనలో ఉన్నారు. పెంటల్లో ముసలివాళ్ళని అడగండి. ఈ కథ వాళ్ళ దగ్గర ఏ రూపంలో ఉంది? అక్కడ రాయి కావాలా, వద్దా? కావాలంటే దాని మీద ఏం రాయాలి? వాళ్ళు వద్దంటే అక్కడితో ఆగుదాం. కావాలంటే మిగతా తెగల వాళ్ళం అందరం వెనక నిలబడదాం. శ్రీశైలం ఐటీడీఏ ఉన్నదే చెంచుల కోసం. అర్జీ అక్కడి నుంచి మొదలు కావచ్చు.

రెండోది, రాయి కోసం ఆగకుండా ఇప్పుడే చెయ్యగలిగింది. అమరావతి వెళ్ళిన ప్రతి ఒక్కరూ, కథ చెప్పేవాళ్ళు కథ చెప్పాక, ఆ చెల్లి అడిగిన ప్రశ్న అడగండి. వాళ్ళ పేర్లు ఏమిటి, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు ఏమయ్యారు అని. గొడవగా కాదు, మనవడు తాతని అడిగినట్టు. పదిమంది అడిగితే పదకొండోసారి ఆ తాత కథలో ఇంకో వాక్యం చేరుతుంది. "దోచుకునే చెంచులు" అనే చోట "అన్నానికి పిలిస్తే నమ్మి వచ్చిన చెంచులు" అని చేరినా చాలు. అది ఏ ఆఫీసులోనూ సంతకం పెట్టించుకోవాల్సిన పని కాదు.

మూడోది, ప్రతి సంవత్సరం ఒక రోజు మనం వెళ్దాం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం రోజున ఏరు నిండుగా, ఉధృతంగా ఉంటుంది, పడవకి మంచిది కాదు. కార్తీకం దాటాక ఏదైనా ఆదివారం పెట్టుకుందాం. పడవలో రేవు దాటి, స్తూపం దగ్గర విధికుడి గురించి చెప్పుకుని, మామ్మ మెస్సులో తిని, నరుకుళ్ళపాడులో కాసేపు కూర్చుని వద్దాం. నినాదాలు అక్కర్లేదు. అక్కడ కూర్చుని అన్నం తిందాం. అన్నం పేరుతో చంపిన చోట, అన్నం పంచుకుని తినడం కంటే పెద్ద నివాళి నాకు తోచడం లేదు. ఆ ఊరి వాళ్ళని కూడా పిలుద్దాం. వస్తారని నా నమ్మకం.

ఆ రాత్రి పడవ లేక మేం బస్సుల మీద తిరిగి వచ్చాం. విజయవాడ చుట్టూ తిరిగి మైలవరం చేరేసరికి చాలా రాత్రయింది. అందరం అలిసిపోయాం. మా చెల్లి జడలో కనకాంబరాలు అప్పటికీ వాడలేదు. దిగేటప్పుడు యానాది తమ్ముడు అన్నాడు, "అన్నా, తోలు పని చేసే ఆయన పేరు రాయి మీద ఎక్కిందంటే ఎవరో ఒకరు చెక్కేవాడికి చెప్పి ఉంటారు కదా, పేరు రాయమని."

అవును తమ్ముడూ. ఎవరో ఒకరు చెప్పాలి. మనం చెప్దాం.

జోహార్.